సన్న సెగ

అరవైలో పోతున్నప్పుడు
దీనంత బుద్ధిమంతురాలు లేదు.
వెండౌరీ చెరువు చుట్టూ తిప్పితే
నల్లహంసలు తలైనా తిప్పవు, అంత నున్నగా పోతుంది.
ఆగమన్నప్పుడే చచ్చిపోతుంది.

స్టర్ట్ స్ట్రీట్ సిగ్నల్ దగ్గర
క్లచ్ నొక్కి రేజ్ తగ్గించానో లేదో
రెండు దగ్గులు, ఒక ఎక్కిలి,
ఆపైన ఏమీ లేదు.
చేతుల్లో నూట యాభై కిలోల ఇనుము,
వెనక యూట్ బండివాడి హారన్,
హెల్మెట్ లోపల నా ఊపిరే నా కళ్లద్దాలకి పట్టిన మంచు.
రాత్రంతా వృద్ధాశ్రమంలో పక్కలు సర్ది వస్తున్నదాన్ని,
నెట్టుకుంటూ పేవ్‌మెంట్ ఎక్కించాను.
వారంలో ఇది నాలుగోసారి.

మొదట నాకు తెలిసిన వైద్యం చేశాను.
ఐడిల్ స్క్రూ ఒక చుట్టు బిగించాను.
చల్లగా ఉన్నంతసేపు ఊరుకుంది.
వేడెక్కాక చూడాలి,
కుళాయి దగ్గర బిందెల తగాదా!
బ్యాలరట్ వీధి వీధంతా కర్టెన్లు తొలగించి చూసింది.
మళ్లీ విప్పాను. మళ్లీ చచ్చింది.

ప్లగ్ ఊడదీస్తే ముగ్గుపిండి రంగు.
"గాలెక్కువ, పెట్రోలు తక్కువ" అన్నాడు మెర్విన్,
ఫెన్స్ మీద గడ్డం ఆనించి.
పక్కింటాయన. రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఒక్కేళ్లు.
ప్రసూన అనడానికి నోరు తిరక్క
నన్ను ప్రూన్ అంటాడు,
ఎండబెట్టిన పండు పేరు పెట్టి.

టీ కప్పుతో సహా వచ్చాడు.
చెవి మిషన్లు రెండూ తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.
ఇంజను వినడానికి అవి అడ్డమట.
ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి
చోక్ లాగమన్నాడు. లాగితే బతికింది.
తొయ్యమన్నాడు. తోస్తే పోయింది.
ఇస్త్రీకి నీళ్లు చల్లే సీసా తెప్పించి
రబ్బరు గొట్టం చుట్టూ చల్లమన్నాడు.
శబ్దం మారలేదు.
గాలి దొంగదారిన రావట్లేదన్నమాట.
"అయితే లోపలే" అని
స్క్రూడ్రైవర్ కోసం చెయ్యి చాచాడు.

కార్బరేటర్ విప్పి పాత పళ్లెంలో పెడితే
అడుగున తేనె రంగు జిగట.
నాకు ముందు ఎవరో నడపకుండా వదిలేసిన చలికాలం
అందులో పేరుకుని ఉంది.
పెద్ద జెట్‌లోంచి ఆకాశం కనబడింది.
చిన్నదాంట్లోంచి ఏమీ కనబడలేదు.

చిన్నది. ఆవగింజకి చిల్లు పెట్టినంత.
పరుగుకి ఒక దారి, నిలకడకి ఇంకో దారి
వేరువేరుగా ఉంటాయని
ముప్పై ఆరేళ్లకి తెలిసింది నాకు.
పెద్దది బాగున్నంతకాలం
చిన్నది పూడిపోయిన సంగతి ఎవరికీ పట్టదు.
తణుకు బస్టాండు పక్కన దిబ్బరొట్టెలు కాల్చే కోటమ్మ
మంట పెంచడం ఎవరికైనా వచ్చు,
ఆరకుండా తగ్గించడానికే చెయ్యి తిరగాలి అనేది.
అప్పుడు నా ధ్యాసంతా రొట్టె మీద.

తెగిన వైరులోంచి ఒక్క రాగిపోగు లాగి
దూర్చాను, వంగింది. మళ్లీ దూర్చాను.
వేళ్లు కొంకర్లు పోయాయి.
జూలై మంచు గడ్డి మీద ఉప్పులా
ఇంకా కరగలేదు.
మెర్విన్ టీ చల్లారిపోయింది.
పదోసారో పన్నెండోసారో
పోగు అవతలికి వచ్చింది.
కంటికి ఆనించి చూస్తే
చుక్కంత పగలు.

బిగించాం. మిక్స్చర్ స్క్రూ మెల్లగా తగిలేదాకా తిప్పి
రెండు చుట్లు వెనక్కి.
కిక్ కొట్టాను. కాసేపాగి చోక్ తోసేశాను.
హ్యాండిల్ మీంచి చేతులు తీసేసి
పట్టుబడ్డ దొంగలా
రెండు చేతులూ గాల్లో పెట్టి నిలబడ్డాను.
టుకు టుకు టుకు టుకు.
మెర్విన్ ట్యాంకు మీంచి అరచెయ్యి తియ్యలేదు,
ఏమీ అనలేదు.
ఎంతివ్వమంటారని అడిగితే
చెవి మిషన్లు జేబులోనే ఉన్నాయి కదా,
"పదిన్నర" అని చెప్పి
కప్పు తీసుకుని ఇంట్లోకి వెళ్లిపోయాడు.

మర్నాడు అదే సిగ్నల్.
ఎర్ర లైటు. క్లచ్ నొక్కాను.
మోకాళ్ల మధ్య సన్నగా,
ఎక్కడికీ వెళ్లకపోయినా
బతికే ఉంది.
తల వంచి వింటూ ఉన్నాను.
పచ్చ లైటు ఎప్పుడు పడిందో తెలీదు.
వెనక హారన్.